సింగపూర్, మలేషియా ప్రయాణానికి డబ్బు ఏ రూపంలో తీసుకువెళ్లాలి?

మీరు అడిగినదాని సారాంశం ఇది. విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి మీరు, మీ శ్రీమతి, ఇద్దరు పిల్లలు దసరా సెలవుల్లో ముందు సింగపూర్‌కు, అక్కడి నుంచి కౌలాలంపూర్‌కు వెళ్లి వస్తారు. విమాన టిక్కెట్లకూ హోటళ్లకూ డబ్బు ముందే కట్టేశారు. అక్కడ తిండికి, తిరగడానికి, ప్రవేశ టిక్కెట్లకు, కొనుగోళ్లకు కలిపి రెండు లక్షల రూపాయలు అనుకుంటున్నారు. ట్రావెల్ ఏజెంటు ఆ మొత్తాన్ని అమెరికన్ డాలర్ల నోట్లుగా పట్టుకెళ్లమంటున్నారు. బ్యాంకువారు విదేశీ కరెన్సీ నింపి ఇచ్చే ఫారెక్స్ కార్డు తీసుకోమంటున్నారు. మీ బావమరిది క్రెడిట్ కార్డు ఉండగా మరేమీ అక్కరలేదంటున్నారు. మీ అబ్బాయి ఫోనులో యూపీఐ ఉంటే చాలంటున్నాడు. నలుగురూ నాలుగు మాటలు చెబుతుంటే ఎవరి మాట వినాలన్నది మీ సందేహం.

విశాఖపట్నంలోనే ఒక బ్యాంకు విదేశీ మారక విభాగంలో పదవీ విరమణ దాకా పనిచేసినవాడిని కనుక ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ముందు క్లుప్తంగా సమాధానం చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. ఖర్చులో ఎక్కువ భాగాన్ని మార్కప్ (విదేశీ ఖర్చు మీద కార్డు ఇచ్చిన బ్యాంకు అదనంగా కలిపే శాతం) లేని కార్డు మీద, లేదా మార్కప్ బాగా తక్కువగా ఉన్న కార్డు మీద పెట్టండి; అటువంటిది మీ దగ్గర లేకపోతే ఆ స్థానంలో ఫారెక్స్ కార్డు తీసుకోండి. దాదాపు నాలుగో వంతు సొమ్మును సింగపూర్ డాలర్ల నోట్లుగా ఇక్కడే కొనండి. మరో బ్యాంకు ఇచ్చిన రెండో కార్డును వేరే సంచిలో ఉంచండి. యూపీఐని అదనపు వసతిగా చూడండి. అమెరికన్ డాలర్లు ఈ ప్రయాణానికి అవసరం లేదు.

మీకు సలహా చెప్పిన నలుగురిలో ఎవరూ ప్రస్తావించని విషయం ఒకటుంది. ఏ పద్ధతి చవక అన్నది రుసుముల పట్టిక చూస్తే తెలియదు. ఒక సింగపూర్ డాలరు విలువైన వస్తువు మీ చేతికి వచ్చేసరికి మీ ఖాతాలోంచి అన్నీ కలుపుకొని ఎన్ని రూపాయలు వెళ్లాయన్నదే అసలు లెక్క. కమీషన్ సున్నా అని బోర్డు పెట్టినవారు లాభాన్ని మారకం రేటులో కలుపుకుంటారు. రేటు బాగా ఇచ్చినట్లు కనిపించేవారు రుసుముల్లో రాబట్టుకుంటారు. కనుక ముందుగా ఆ రోజు మధ్యరేటు, అంటే బ్యాంకులు తమలో తాము కొనే ధరకూ అమ్మే ధరకూ నడుమ ఉండే రేటు, ఇంటర్నెట్‌లో చూసుకుని, మీకు చెప్పిన ధర దానికంటే ఎంత శాతం ఎక్కువో లెక్కకట్టండి.

లెక్క సులువుగా ఉండడానికి సింగపూర్ డాలరు మధ్యరేటు 70 రూపాయలు అనుకుందాం. నోట్లు అమ్మే దుకాణం 71 రూపాయల 40 పైసలు అడిగితే మీకు పడుతున్న భారం రెండు శాతం. మన దేశంలో చాలా క్రెడిట్ కార్డుల మీద విదేశీ లావాదేవీల మార్కప్ 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 4.13 శాతం అవుతుంది, అంటే ఆ డాలరు మీకు దాదాపు 72 రూపాయల 89 పైసలు పడుతుంది. రెండు శాతం మార్కప్ ఉన్న కార్డయితే జీఎస్టీతో 2.36 శాతం, దాదాపు 71 రూపాయల 65 పైసలు. మార్కప్ లేని కార్డయితే వీసా, మాస్టర్‌కార్డు వంటి సంస్థలు నిర్ణయించే రేటు మాత్రమే పడుతుంది. అది మధ్యరేటుకు చాలా దగ్గరగా ఉంటుంది. మీ రెండు లక్షల మీద ఒక్కో శాతం విలువ రెండు వేల రూపాయలు. అర శాతం కోసం ఊరంతా తిరగడం అనవసరం. నాలుగైదు శాతాన్ని తెలియక వదులుకోవడం కూడా అంతే అనవసరం.

ఇక ఏజెంటు గారి సలహా సంగతి. అన్ని ఊళ్లలో అన్ని దేశాల నోట్లూ దొరకని రోజుల్లో, ఏ దేశంలోనైనా డాలరు చెల్లుతుందన్న ధైర్యంతో అందరూ అమెరికన్ డాలర్లే కొనేవారు. ఇప్పుడు సింగపూర్ డాలర్లు విశాఖలో సులభంగా దొరుకుతాయి. డాలర్లు తీసుకువెళ్తే ఇక్కడ రూపాయల నుంచి డాలర్లకు మార్చేటప్పుడు ఒకసారి, అక్కడ డాలర్ల నుంచి స్థానిక కరెన్సీకి మార్చేటప్పుడు మరోసారి, రెండు చోట్లా తేడా మీరే భరించాలి. పైగా నోటు మీద సిరా మరక, చిన్న చిరుగు, గట్టి మడత ఉన్నా ఆగ్నేయాసియాలో చాలామంది మారకందారులు తిరస్కరిస్తారు, లేదా రేటు తగ్గిస్తారు. నీలి పట్టీ ఉన్న వంద డాలర్ల నోటు 2013 అక్టోబరులో చలామణిలోకి వచ్చింది. అంతకు ముందటి నమూనా నోట్లు చట్టప్రకారం చెల్లేవే అయినా చాలాచోట్ల వాటిని చూసి ముఖం చిట్లిస్తారు. స్థానిక కరెన్సీ ఇక్కడ బొత్తిగా దొరకని దేశాలకు వెళ్లేవారికి అమెరికన్ డాలరు ఇప్పటికీ పనికివస్తుంది. మీ ప్రయాణం అటువంటిది కాదు.

నోట్లు కొనే పద్ధతి గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మన ఊళ్లో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ముందు మీ సొంత బ్యాంకును అడగండి. తరువాత రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న మారకందారులను కనీసం ఇద్దరిని, ద్వారకానగర్, ఆశీల్‌మెట్ట వైపు వెళ్లినప్పుడో, ఫోనులోనో, ఒకే రోజు ఒకే గంటలో అడగండి. రేటు పూట పూటకూ మారుతుంది కనుక నిన్న ఒకరు చెప్పినదానిని ఈరోజు మరొకరు చెప్పినదానితో పోల్చడంలో అర్థం లేదు. అడిగేటప్పుడు కూడా రేటెంత అని మాత్రమే అడగకండి. ఎనిమిది వందల సింగపూర్ డాలర్లు నా చేతిలో పెట్టడానికి అన్నీ కలిపి మొత్తం ఎన్ని రూపాయలు తీసుకుంటారని అడగండి. కూరగాయల బేరం కాదు కదా అని మొహమాటపడవలసిన పని లేదు. ఈ వ్యాపారంలో బేరం మామూలే, పది పైసలు తగ్గించగల అధికారం కౌంటరులో కూర్చున్నవారికి చాలాసార్లు ఉంటుంది. చెప్పిన మొత్తంలో జీఎస్టీ కలిసిందో లేదో స్పష్టం చేసుకోండి. లక్ష రూపాయల లోపు మారకానికి ఆ పన్ను మొత్తం సొమ్ము మీద కాకుండా అందులో ఒక శాతాన్ని సేవ విలువగా తీసుకుని, దాని మీద 18 శాతం చొప్పున పడుతుంది. కనీసం 45 రూపాయలు. అంటే 60 వేల రూపాయల కొనుగోలుకు జీఎస్టీ 108 రూపాయలే. అంతకంటే పెద్ద అంకె జీఎస్టీ పేరుతో రాస్తే రసీదు అడిగి చూడండి.

పాస్‌పోర్టు, పాన్ కార్డు, టిక్కెట్టు, వీసా అవసరమైన దేశమైతే వీసా ప్రతి దగ్గర పెట్టుకోండి; ఏ2 అనే దరఖాస్తు మీద సంతకం పెట్టించుకుంటారు. కొనుగోలు విలువ 50 వేల రూపాయలు దాటితే ఆ సొమ్మును నగదుగా తీసుకోరు, చెక్కు ద్వారానో కార్డు ద్వారానో ఖాతా నుంచే వెళ్లాలి. ఒక్కో ప్రయాణానికి ఒక్కొక్కరు నోట్ల రూపంలో తీసుకువెళ్లదగిన గరిష్ఠ పరిమితి చాలా దేశాలకు 3,000 అమెరికన్ డాలర్లు, లేదా దానికి సమానమైన ఇతర కరెన్సీ. మీరు కొనబోయేది అందులో చిన్న భాగమే కనుక ఆ పరిమితి మీకు అడ్డు రాదు. అయితే ప్రయాణం రోజున విమానాశ్రయంలో కొనవచ్చులే అని మాత్రం వాయిదా వేయకండి. అక్కడ మరో దుకాణానికి వెళ్లే అవకాశం మీకు లేదని అమ్మేవారికి తెలుసు, రేటు ఆ మేరకే ఉంటుంది.

ఓడరేవు ఉన్న ఊరు కావడంతో మన దగ్గర మరో అలవాటు కూడా ఉంది. ఓడల్లో ఉద్యోగం చేసి వచ్చిన బంధువులు, స్నేహితుల దగ్గర డాలర్లు ఉంటాయి. మధ్యరేటుకే ఇస్తామంటారు, వారికీ లాభం, మనకూ లాభం అనిపిస్తుంది. అధీకృత సంస్థల నుంచి తప్ప విదేశీ మారక ద్రవ్యం కొనడానికీ, అటువంటి సంస్థలకు తప్ప అమ్మడానికీ విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం అనుమతించదు. ఆ నోటు నకిలీదని సింగపూర్‌లో తేలితే చూపడానికి రసీదు కూడా ఉండదు. వెయ్యి రూపాయల ఆదా కోసం తలకెత్తుకోదగిన వ్యవహారం కాదది.

మలేషియా రింగిట్లు ఇక్కడ కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. విశాఖలో వాటికి గిరాకీ తక్కువ, కనుక రేటులో తేడా ఎక్కువగా ఉంటుంది. సింగపూర్, మలేషియాల మధ్య రోజూ జనం పెద్ద సంఖ్యలో రాకపోకలు సాగిస్తుంటారు కనుక సింగపూర్ మారకందారుల మధ్య రింగిట్ల మీద పోటీ గట్టిగా ఉంటుంది. మీ దగ్గర మిగిలిన సింగపూర్ నోట్లను అక్కడే రింగిట్లుగా మార్చుకోండి. రాఫిల్స్ ప్లేస్‌లోని ది ఆర్కేడ్ భవనంలోనూ, లిటిల్ ఇండియాలో ముస్తఫా సెంటర్ పరిసరాల్లోనూ పక్కపక్కనే అనేక దుకాణాలు ఉంటాయి, రేట్లు బోర్డు మీదే కనిపిస్తాయి. సింగపూర్‌లో చిల్లరగా బ్రూనై డాలర్ల నోటు వస్తే మోసమని కంగారు పడకండి. 1967 నాటి ఒప్పందం ప్రకారం రెండు దేశాల డాలర్లూ సమాన విలువతో మారతాయి. కాకపోతే దానిని అక్కడే ఖర్చు పెట్టేయండి, విశాఖలో ఎవరూ తీసుకోరు.

ఫారెక్స్ కార్డు విషయంలో మీ బ్యాంకు చెప్పినది అబద్ధం కాదు, కానీ సగమే చెప్పింది. అది ముందుగా విదేశీ కరెన్సీ నింపుకుని వాడే కార్డు. నింపిన రోజు రేటే ఖాయమవుతుంది కనుక తరువాత రూపాయి పడిపోయినా మీ ఖర్చు పెరగదు. మీ ప్రధాన ఖాతాతో దానికి నేరుగా సంబంధం లేకపోవడంతో కార్డు పోయినా అందులో ఉన్న మొత్తం వరకే ప్రమాదం. ఈ రెండూ నిజమైన సుగుణాలే. బ్యాంకు అంతగా చెప్పనివి ఏమిటంటే, నింపేటప్పుడు వేసే రేటు మధ్యరేటు కంటే ఎక్కువ ఉంటుంది, కనుక మార్కప్ లేదన్న మాట కాగితం మీదే నిజం. కార్డులో లేని కరెన్సీలో ఖర్చు పెడితే క్రాస్ కరెన్సీ రుసుము వేస్తారు. ఇది చాలా కార్డుల్లో రెండు నుంచి మూడున్నర శాతం వరకు ఉంటుంది. సింగపూర్ డాలర్లు మాత్రమే నింపిన కార్డుతో కౌలాలంపూర్‌లో భోజనం చేస్తే ఫారెక్స్ కార్డు తీసుకున్న ప్రయోజనం అక్కడికక్కడే పోతుంది. ఏటీఎంలో డబ్బు తీసినా, నిల్వ ఎంతుందో చూసుకున్నా, కొన్ని కార్డుల్లో చాలాకాలం వాడకుండా వదిలేసినా రుసుములుంటాయి. మిగిలిన సొమ్మును వెనక్కి రూపాయల్లోకి మార్చుకునేటప్పుడు బ్యాంకు తన కొనుగోలు రేటు వేస్తుంది, అక్కడ మళ్లీ కొంత పోతుంది.

కనుక ఫారెక్స్ కార్డు తీసుకుంటే అనుకున్న మొత్తమంతా ఒకేసారి నింపకండి. సగం కంటే కొంచెం ఎక్కువ నింపి, చాలకపోతే అక్కడి నుంచే మొబైల్ యాప్ ద్వారా మళ్లీ నింపుకునే వీలుందో లేదో బయలుదేరే ముందే కనుక్కోండి. కొన్ని బ్యాంకుల్లో సెలవు రోజున నింపితే మరుసటి పని దినం దాకా సొమ్ము కార్డులోకి చేరదు. నా దృష్టిలో ఈ కార్డు ఎక్కువగా ఉపయోగపడేది, క్రెడిట్ కార్డు లేనివారికి, విదేశంలో నెలల తరబడి ఉండి చదువుకునే పిల్లలకు, ఖర్చుకు గట్టి హద్దు గీసుకోవాలనుకునేవారికి. కొద్ది రోజుల కుటుంబ యాత్రకు మార్కప్ లేని క్రెడిట్ కార్డు అందుబాటులో ఉంటే దానిదే పైచేయి.

క్రెడిట్ కార్డు విషయంలో మీ బావమరిది మాట చాలావరకు సరైనదే, ఆయన కార్డు ఏదన్న దాని మీద అది ఆధారపడుతుంది. ఇప్పుడు మీ దగ్గరున్న కార్డు మార్కప్ ఎంతో బ్యాంకు వెబ్‌సైట్‌లోని రుసుముల పట్టికలో చూడండి. 3.5 శాతం ఉంటే, ప్రయాణానికి వ్యవధి ఉంది కనుక, మార్కప్ లేని కార్డుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోండి. వార్షిక రుసుము లేనివి కూడా దొరుకుతాయి. రివార్డు పాయింట్లు ఎక్కువిస్తామన్న మాటతో మార్కప్ ఉన్న కార్డును ఎంచుకోవడం తరచుగా జరిగే పొరపాటు, ఎందుకంటే ఆ పాయింట్ల విలువ నాలుగు శాతాన్ని అందుకోవడం అరుదు.

ఆ కార్డుతో విదేశంలో చేయకూడని పనులు రెండున్నాయి. ఒకటి, దానితో ఏటీఎంలో నగదు తీయడం. క్రెడిట్ కార్డు మీద తీసిన నగదుకు వడ్డీ లేని గడువు వర్తించదు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, దానికి తోడు నగదు రుసుము వేరు. మార్కప్ లేని కార్డుకు కూడా ఈ నియమం చాలావరకు వర్తిస్తుంది. రెండోది ఇంతకంటే సూక్ష్మమైనది, చదువుకున్నవారు కూడా ఇందులో చిక్కుకుంటారు, కనుక దానిని విడిగా వివరిస్తాను.

దుకాణంలో కార్డు పెట్టగానే స్వైప్ యంత్రం తెర మీద రెండు అంకెలు కనిపించవచ్చు: ఒకటి సింగపూర్ డాలర్లలో, మరొకటి రూపాయల్లో. ఏది కావాలో ఎంచుకోమంటుంది. మన డబ్బులో చూపిస్తున్నారు కదా, ఎంతవుతుందో ఇప్పుడే తెలిసిపోతుంది కదా అని రూపాయలను నొక్కడం సహజం. దీనిని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. ఇందులో మారకం చేసేది మీ బ్యాంకు కాదు, ఆ దుకాణానికి యంత్రం ఇచ్చిన సంస్థ. రేటు దాని ఇష్టం, ఆ లాభంలో దుకాణదారుకూ కొంత వాటా ఉండవచ్చు. ఆ రేటులో తేడా ఐదు శాతం అనుకుంటే పైన తీసుకున్న డాలరు 73 రూపాయల 50 పైసలు అవుతుంది. విషయం అంతటితో ముగియదు. విదేశంలో నమోదైన దుకాణానికి రూపాయల్లో జరిగిన చెల్లింపు మీద మన దేశంలో చాలా బ్యాంకులు ఒక శాతం దాకా ప్రత్యేక రుసుము, దాని మీద జీఎస్టీ వసూలు చేస్తున్నాయి. అప్పుడు అదే డాలరు 74 రూపాయల 37 పైసల దాకా వెళ్తుంది. మార్కప్ లేని కార్డు సంపాదించుకుని కూడా ఆ ఒక్క మీట నొక్కడంతో అన్నిటికంటే ఖరీదైన పద్ధతిలో చెల్లించినవారు అవుతారు. అందుచేత ఎప్పుడూ స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. అమ్మకందారు మిమ్మల్ని అడగకుండా రూపాయలు నొక్కేస్తే, సంతకం పెట్టకముందే రద్దు చేయించి మళ్లీ స్థానిక కరెన్సీలో చేయించండి. ఆ హక్కు మీకుంది. ఏటీఎంలోనూ ఇదే ఉచ్చు ఉంటుంది. కన్వర్షన్‌ను అంగీకరిస్తారా అని అడిగితే వద్దనే చెప్పండి, డబ్బు ఎలాగూ వస్తుంది.

ఈ రూపాయల రుసుము ఇంట్లో కూర్చుని చేసే బుకింగులకు కూడా వర్తిస్తుందని చాలామందికి తెలియదు. సింగపూర్‌లోని జంతు ప్రదర్శనశాలకో, సెంటోసా ద్వీపంలోని వినోద కేంద్రానికో టిక్కెట్లను విదేశీ వెబ్‌సైట్‌లో తీసుకున్నప్పుడు ధర రూపాయల్లో చూపినంత మాత్రాన అది దేశీయ లావాదేవీ కాదు. అవకాశం ఉంటే అక్కడ కూడా సింగపూర్ డాలర్లనే ఎంచుకుని మార్కప్ లేని కార్డుతో చెల్లించండి.

మెట్రో, బస్సుల గురించి ఒక ఆచరణాత్మక చిక్కు ఉంది. సింగపూర్‌లో కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డులను గేటు దగ్గర నేరుగా ట్యాప్ చేసి ప్రయాణించవచ్చు, కానీ ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి; ఒకే కార్డును నలుగురికీ వరుసగా ట్యాప్ చేయడం కుదరదు. విదేశీ కార్డుల మీద వాడిన ప్రతి రోజుకూ చిన్న నిర్వహణ రుసుము కూడా పడుతుంది. మీరు నలుగురు కనుక అక్కడి స్టేషనులో ఈజెడ్-లింక్ కార్డులు కొని నింపుకోవడం సుఖం. హాకర్ సెంటర్లనే భోజనశాలల్లో కొన్ని దుకాణాలు నగదు లేదా స్థానిక క్యూఆర్ మాత్రమే తీసుకుంటాయి. పది, ఐదు, రెండు డాలర్ల నోట్లు జేబులో లేకపోతే చేతిలో ఎన్ని కార్డులున్నా పిల్లలు ఆకలితో నిలబడాల్సి వస్తుంది. నాలుగో వంతు నగదు ఉంచుకోమన్నది ఇందుకే. ఇక్కడ నోట్లు కొనేటప్పుడే చిన్న నోట్లు కొన్ని ఇమ్మని అడగండి. మలేషియాలో విదేశీ అతిథుల నుంచి గదికి, రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను హోటల్లో వసూలు చేస్తారు. గది అద్దె ముందే చెల్లించినా అది చాలాసార్లు విడిగా ఉంటుంది.

యూపీఐ సంగతికి వస్తే, మీ అబ్బాయి ఉత్సాహాన్ని కాదనను, కానీ కొంచెం సవరించాలి. మన యూపీఐ క్యూఆర్ చెల్లింపులు భూటాన్‌లో 2021లో మొదలయ్యాయి; 2024 ఫిబ్రవరిలో శ్రీలంక, మారిషస్‌లలో ప్రారంభమయ్యాయి, అదే నెలలో పారిస్‌లో ఐఫిల్ టవర్ టిక్కెట్లకు వచ్చాయి. సింగపూర్‌కు సంబంధించి 2023 ఫిబ్రవరి 21న యూపీఐని అక్కడి పేనౌ వ్యవస్థతో అనుసంధానించారు, కానీ అది ప్రధానంగా ఒక వ్యక్తి ఖాతా నుంచి మరో వ్యక్తి ఖాతాకు డబ్బు పంపడానికి. ఆ వార్త చదివి అక్కడి ప్రతి దుకాణంలో కనిపించే పేనౌ క్యూఆర్‌ను మన యాప్‌తో స్కాన్ చేయవచ్చని అనుకోకూడదు. యూపీఐ గుర్తు స్పష్టంగా ఉన్న దుకాణాల్లోనే ప్రయత్నించండి. యాప్‌లో అంతర్జాతీయ యూపీఐని ముందుగా పరిమిత కాలానికి ఆన్ చేసుకోవాలి, ఫోనులో ఇంటర్నెట్ ఉండాలి, చెల్లించే ముందు తెర మీద చూపే రూపాయల మొత్తాన్ని మధ్యరేటుతో పోల్చి చూడాలి. రేటు బాగుంటే వాడండి, లేకపోతే కార్డు తీయండి.

సాధారణ డెబిట్ కార్డును ప్రధాన సాధనంగా నేను సిఫారసు చేయను. చాలావాటిలో క్రెడిట్ కార్డుకున్నంత మార్కప్ ఉంటుంది. పైగా ఎవరైనా దుర్వినియోగం చేస్తే పోయేది మీ ఖాతాలోని సొమ్మే, దానిని తిరిగి రాబట్టుకునే దాకా ఇంటి ఖర్చులు ఆగిపోతాయి. అయితే నగదు అయిపోయినప్పుడు ఏటీఎం కోసం అది ఉండాలి. జీతం గాని పెన్షను గాని పడే ఖాతా కాకుండా, వేరే చిన్న ఖాతాకు చెందిన డెబిట్ కార్డు తీసుకుని, అందులో ముప్పై నలభై వేలు మాత్రమే ఉంచండి. ఏటీఎం రుసుములు తీసిన ప్రతిసారీ పడతాయి కనుక నాలుగుసార్లు కొద్దికొద్దిగా తీయడం కంటే ఒకసారి అవసరమైనంత తీయడం మేలు. రూపే కార్డు ఉన్నవారు అది అంతర్జాతీయ రకమేనా, అక్కడి యంత్రం మీద డిస్కవర్ లేదా డైనర్స్ గుర్తు ఉందా అన్నది చూసుకోవాలి.

హోటలులో దిగేటప్పుడు భద్రతా ధరావతు పేరుతో కొంత మొత్తాన్ని కార్డు మీద నిలిపివేస్తారు. దీనికి క్రెడిట్ కార్డే ఇవ్వండి. క్రెడిట్ కార్డు మీద నిలిపినది మీ పరిమితిలో ఒక భాగం మాత్రమే. ఫారెక్స్ కార్డు మీదనో డెబిట్ కార్డు మీదనో నిలిపితే మీరు ఖర్చు పెట్టుకోవలసిన అసలు సొమ్మే బందీ అవుతుంది, గది ఖాళీ చేసిన తరువాత కూడా విడుదల కావడానికి రోజులు పట్టవచ్చు. కారు అద్దెకు ఇచ్చే సంస్థల్లో చాలా వరకు ముందుగా నింపిన కార్డులను అసలు అంగీకరించవు.

పన్నుల గురించి మీరు అడగలేదు గాని, ఏజెంటు గారు ఇరవై శాతం పన్ను అని భయపెట్టారని మీ ప్రశ్నలో ఒక వాక్యం ఉంది కనుక దానికీ సమాధానం ఇస్తాను. మనవారు విదేశాల్లో ఖర్చు పెట్టుకోవడానికి, పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 అమెరికన్ డాలర్ల దాకా అనుమతి ఉంది. నోట్లు, ఫారెక్స్ కార్డు, డెబిట్ కార్డు ఖర్చు ఈ పథకం కిందికి వస్తాయి. ఒక వ్యక్తి విషయంలో ఆ మొత్తం ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటితేనే, దాటిన భాగం మీద మాత్రమే, యాత్ర ఖర్చులకు 20 శాతం టీసీఎస్, అంటే మీ దగ్గర ముందుగానే వసూలు చేసి ప్రభుత్వానికి జమచేసే పన్ను, తీసుకుంటారు. ఈ 10 లక్షల హద్దు 2025 ఏప్రిల్ 1 నుంచి ఉంది, అంతకు ముందు 7 లక్షలు. విదేశంలో ఉండగా చేసే క్రెడిట్ కార్డు ఖర్చును కూడా ఈ పథకంలోకి తెస్తామని ప్రభుత్వం 2023 మే నెలలో ప్రకటించి, జూన్ 28న దానిని వాయిదా వేసింది. మీ రెండు లక్షలకు, ఈ ఏడాది మీ పేరున ఇతరత్రా పెద్ద మొత్తాలు విదేశాలకు వెళ్లకపోతే, టీసీఎస్ బాధ లేదు. విమానం, హోటలు అన్నీ కలిపి విదేశీ ప్యాకేజీగా కొన్నవారి సంగతి వేరు. వారికి మొదటి రూపాయి నుంచే టీసీఎస్ ఉంటుంది. ఏదైనా టీసీఎస్ పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, ఎక్కువైతే వాపసు వస్తుంది.

బయలుదేరే వారం ముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. 2020 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నియమం వల్ల కొత్త కార్డులు దేశీయ వాడకానికే సిద్ధంగా వస్తాయి. అంతర్జాతీయ లావాదేవీలను యాప్‌లో మీరే ఆన్ చేయాలి, రోజువారీ పరిమితి కూడా మీరే పెట్టుకోవాలి. ఇది మరచిపోయి చాంగీ విమానాశ్రయంలో నిలబడి బ్యాంకుకు ఫోను చేసినవారిని నేను చాలామందిని చూశాను, ఎందుకంటే ఆ ఫోన్లలో కొన్ని నా టేబులుకే వచ్చేవి. మీ భారతీయ సిమ్‌కు రోమింగు ఆన్ చేయించి ఓటీపీ సందేశాలు వచ్చేలా చూసుకోండి. పిన్ నంబరు గుర్తుందో లేదో ఇక్కడే ఒకసారి వాడి చూడండి. రెండు కార్డుల్లో ఒకటి వీసా, మరొకటి మాస్టర్‌కార్డు అయితే ఒక వ్యవస్థ మొరాయించినా రెండోది పనిచేస్తుంది. ఒకటి మీ దగ్గర, మరొకటి మీ శ్రీమతి దగ్గర ఉండాలి. బ్యాంకు అత్యవసర నంబర్లను ఫోనులోనే కాకుండా కాగితం మీద కూడా రాసి పెట్టెలో పెట్టుకోండి.

కార్డు పోయినా, మీరు చేయని ఖర్చు సందేశం వచ్చినా, వెంటనే యాప్‌లో కార్డును నిలిపివేసి బ్యాంకుకు తెలియజేయండి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం మీ నిర్లక్ష్యం లేకుండా బయటివారి వల్ల జరిగిన మోసాన్ని, సమాచారం అందిన మూడు పని దినాల లోపు తెలియజేస్తే ఆ నష్టం మీ మీద పడదు. నాలుగు నుంచి ఏడు పని దినాల మధ్య చెబితే కొంత మేరకు మీరు భరించాలి. ఇంటికి వచ్చాక చూసుకుందామని వాయిదా వేస్తే ఆ గడువు యాత్రలోనే దాటిపోతుంది.

తిరిగి వచ్చేటప్పుడు నాణేలను అక్కడే ఖర్చు చేసేయండి, ఇక్కడి మారకందారులు నోట్లే తీసుకుంటారు. మిగిలిన నోట్లను తిరిగి వచ్చిన 180 రోజుల లోపు అప్పగించాలి, అయితే 2,000 అమెరికన్ డాలర్లకు సమానమైన విలువ దాకా మళ్లీ ప్రయాణానికి మీ దగ్గరే ఉంచుకోవచ్చు. కొద్ది మొత్తమే మిగిలితే తక్కువ రేటుకు అమ్ముకోవడం కంటే ఉంచుకోవడమే లాభం. విశాఖ నుంచి సింగపూర్ వెళ్లే బంధువులు ఎవరో ఒకరు ఉంటారు గాని, వారికి అమ్మడం కూడా పైన చెప్పిన చట్టం కిందికే వస్తుంది. ఫారెక్స్ కార్డు తీసుకుని ఉంటే నిల్వను వెనక్కి తీసుకోవడానికి దరఖాస్తు ఇవ్వండి. అన్ని కార్డుల మీదా అంతర్జాతీయ వాడకాన్ని ఆఫ్ చేయండి. కానీ హోటలు ధరావతు విడుదలైందో లేదో, ఒకే బిల్లు రెండుసార్లు పడిందో లేదో తెలియడానికి తరువాత వచ్చే రెండు నెలల స్టేట్‌మెంట్లను రసీదులతో సరిచూసే దాకా ఆ రసీదులను పారేయకండి.